పదిహేడో నంబరు వాక్యాలు

మా పిన్ని ఇంగ్లీషు మాటల్ని మనుషుల్ని చూసినట్టే చూసేది. కొన్ని కవలలు, చెవికి ఒకటే, కంటికి రెండు. కొన్ని దొంగ కవలలు, దూరం నుంచి ఒకే పోలిక, దగ్గరికి వెళ్తే ఎవరికెవరూ ఏమీ కారు. మిగిలినవి బహురూపులు, పొద్దున ఒక అర్థం కట్టుకుని, సాయంత్రం ఇంకో అర్థం చుట్టుకుని తిరిగేవి. కొసన 'కె, ఇ' ఉన్న బ్రేకు బండిని ఆపుతుందనీ, నడుమ 'ఇ, ఎ' ఉన్న బ్రేకు బండిని విరగ్గొడుతుందనీ, ఒకే చప్పుడుతో పిలిచినా పలికేది ఎవరో చూసుకోవాలనీ పదిహేనేళ్ళుగా సాయంత్రపు క్లాసులో చెబుతూ వచ్చింది. పగలంతా పని చేసి అలసిన ఎలక్ట్రీషియన్లు, నర్సులు, డ్రైవర్లు ఆ క్లాసుకు వచ్చేవారు. పై మెట్టు ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష అడ్డం, ఆ అడ్డం దాటించడం పిన్ని పని.

ఆ క్లాసులో ఒక్కటే నియమం. ఉదాహరణకు రాసే వాక్యం అబద్ధం కాకూడదు.

"పిల్లి చాప మీద ఉంది అని రాస్తే సున్నా వేస్తాను," అనేది పిన్ని. "మీ ఇంట్లో పిల్లి ఉందా? చాప ఉందా? లేనప్పుడు ఆ ఊసు మీకెందుకు? జరిగింది రాయండి, తప్పుల్లేకుండా రాయండి. అబద్ధం రాస్తే పరీక్ష నాటికి అదే మిమ్మల్ని మోసం చేస్తుంది."

అందుకని ఆ నోటుపుస్తకాలు కాపురాలతో, కష్టాలతో, కడుపుబ్బ నవ్వించే గొడవలతో నిండిపోయేవి. వాటిలోంచి ఏరి, పేర్లు తీసేసి, నంబర్లు మాత్రం పక్కన వేసుకుని, మూడువందల పన్నెండు మాటలతో పిన్ని ఒక పుస్తకం తయారుచేసింది. అచ్చు మా ప్రెస్సులోనే. నేనక్కడ టైపు చేస్తాను. ప్రతి ఇంగ్లీషు ఉదాహరణ కిందా ఒక తెలుగు వాక్యం ఉండాలని ప్రెస్సువాళ్ళు ఆఖరు వారంలో పట్టుబట్టారు, ఆ పని అక్క కూతురినని నా నెత్తిన పడింది.

ఆ రోజు పొద్దున పది గంటలు. పిన్ని ఎర్ర కలం పట్టుకుని పైకి చదువుతోంది, నేను తెలుగు చెబుతూ టైపు చేస్తున్నాను. పక్క బల్ల దగ్గర మా ప్రూఫ్‌రీడరు, అందరూ కామా తాతయ్య అని పిలిచే పెద్దాయన, ముందటి ప్రూఫు పేజీలు తిరగేస్తున్నాడు.

"పేషెంట్," అంది పిన్ని. "బహురూపి. నర్సు రాసింది."

"మా పేషెంటుకి ఓపిక తప్ప అన్ని రోగాలూ ఉన్నాయి," అన్నాను నేను.

"అంత సొగసెందుకే? ఉన్నది ఉన్నట్టు చెప్పు. బోర్."

"మా మామగారు పొద్దున గోడకి బెజ్జం కొట్టారు, రాత్రి నా బుర్రకి కొట్టారు."

కామా తాతయ్య కళ్ళజోడు పైకి నెట్టి నవ్వాడు. "ఆ కోడలెవరో కానీ, అమ్మడూ, పుస్తకం అచ్చయ్యాక ఆ ఇంట్లో ఇంకో బెజ్జం పడుతుంది."

అలా నవ్వుకుంటూ, టీ తాగుకుంటూ దొంగ కవలల దగ్గరికి వచ్చాం. లూజ్, లూస్. ఒకటి పోగొట్టుకోవడం, ఒకటి వదులుగా ఉండటం. పిన్ని తన క్లాసు గొంతుతో ఇంగ్లీషు వాక్యాలు రెండు చదివింది. నేను వేళ్ళు కదుపుతూనే తెలుగు పలికాను.

"బ్రేకు వదులుగా ఉంది. అంతా బాగానే ఉందని నేను ప్రతి నెలా సంతకం పెడతాను."

పిన్ని తర్వాతి మాటకు వెళ్ళిపోయింది. నా వేళ్ళు వెళ్ళలేదు. ఇంగ్లీషులో చదువుతున్నంతసేపూ అది నాకు ఉదాహరణగానే వినిపించింది. తెలుగులోకి వచ్చేసరికి ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి చెప్పినట్టయింది.

"పిన్నీ, ఇది నిజమేనా?"

"ఏది?"

"ఇప్పుడు చదివావే, బ్రేకు."

"నా క్లాసులో అబద్ధం రాస్తే..." అని మొదలుపెట్టింది పిన్ని. ఆ మాట అలవాటుగా వచ్చింది, సగంలో ఆగింది. కలం బల్ల మీద పెట్టింది. తెరమీది రెండు తెలుగు వరసల్ని, నోరు కదుపుతూ, చంటిపిల్ల చదివినట్టు చదువుకుంది.

"తాతయ్యా," అన్నాను, "మీరు ఈ పేజీ చూశారు కదా?"

"రెండుసార్లు చూశానమ్మా. చివర ఫుల్‌స్టాప్ లేకపోతే పెట్టాను." అంటూ లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. చదివాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు కానీ తుడవడం మరిచిపోయాడు. "నేను ఫుల్‌స్టాప్ పెట్టాను," అన్నాడు మళ్ళీ, ఈసారి ఎవరితోనూ కాకుండా.

వాక్యం పక్కన పిన్ని చేతివ్రాతలో పదిహేడు అని ఉంది.

"పదిహేడు ఎవరు పిన్నీ?"

పిన్ని సంచిలోని నోటుపుస్తకాల కట్ట విప్పి, ఒకటి తీసి, తెరవకుండా నా ముందు పెట్టింది.

"మీ బావ," అంది.

మా అక్క భర్త, మా బావ, లిఫ్టు మెకానిక్. ఊళ్ళో లిఫ్టులకు నెలనెలా సర్వీసు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. మనిషి మంచివాడు, మాట మాత్రం పిసినారి. పెళ్ళిచూపుల్లో కూడా తలతోనే సరేనన్నాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. సీనియర్ టెక్నీషియన్ పరీక్ష కోసం ఏడెనిమిది నెలలుగా పిన్ని క్లాసుకు వెళ్తున్నాడు.

పుస్తకం తెరిచాను. గుండ్రటి అక్షరాలు, గీత దాటని వరసలు. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదవడం, లోపల తెలుగు చేసుకోవడం.

స్టేషనరీ అనే మాట కింద, "లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ కదలకుండా నిలిచింది. తర్వాత ఒక అడుగు జారింది." మాటలో ఉండాల్సింది 'ఇ' కాదు, 'ఎ' అని పిన్ని ఎర్రగా దిద్దింది.

చెక్ అనే మాట కింద, "నేను చూశాను. చెప్పాను. చెప్పవద్దని చెప్పారు."

లై అనే మాట కింద, "నేను అబద్ధం ఆడతాను. ఇంటికి వెళ్ళి పడుకుంటాను. నిద్ర రాదు." దాని పక్కన, ఒకే మాటను రెండర్థాల్లో చక్కగా వాడినందుకు, నక్షత్రం గుర్తు. పేజీ అడుగున పదికి తొమ్మిది. చాలా బాగుంది.

ఇక చివరి పేజీ. స్టెయిర్, స్టేర్. ఒకటి మెట్టు, ఒకటి తేరిపార చూడటం. "నా భార్య మెట్లు ఎక్కుతుంది. నేను లిఫ్టు వైపు తేరిపార చూస్తాను."

పుస్తకం మూశాను. మా అక్క ఫిజియోథెరపీ క్లినిక్‌లో రిసెప్షనిస్టు. మా ప్రెస్సుకు రెండు వీధుల అవతల, ఆరో అంతస్తు. అక్కడి లిఫ్టు సర్వీసూ బావదే. కాళ్ళు విరిగినవాళ్ళు, నడుములు పట్టేసినవాళ్ళు, చక్రాల కుర్చీల్లోవాళ్ళు వచ్చేచోటు. అక్క మాత్రం మెట్లెక్కి వెళ్ళేది. "లిఫ్టువాడి పెళ్ళాన్ని, నాకు మెట్లే రాసిపెట్టి ఉన్నాయి. బరువు తగ్గుతావని మీ బావ ఒట్టేయించుకున్నాడే!" అని కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది. మేమూ నవ్వాం.

"ఆగు," అంది పిన్ని, నా చెయ్యి ఫోను మీదికి వెళ్ళడం చూసి. "పాత సంగతేమో. ఈపాటికి బాగుచేసే ఉంటారు. తొందరపడి గోల చేస్తే అతని ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది. మీ అక్క కాపురం కదే. ముందు అతన్ని అడుగు."

అడిగాను. స్పీకరు పెట్టాను. అవతల ఎక్కడో ఇనుము మీద ఇనుము మోగుతోంది.

"బావా, మీ నోటుపుస్తకంలో బ్రేకు వదులుగా ఉందని రాశారు. నిజమేనా?"

మోత ఆగింది.

"ఎవరు చదివారు?"

"నేనే. పుస్తకం కోసం తెలుగులో పెడుతున్నాను."

అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "తెలుగులో ఎలా ఉంది?" అన్నాడు బావ.

"భయంగా ఉంది."

"నాకూ అంతే. తెలుగులో అనుకుంటే కలం కదిలేది కాదు. అందుకే ఇంగ్లీషులో రాశాను."

"బాగుచేశారా మరి?"

"లేదు."

"ఇప్పుడు తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

పిన్ని ఫోను లాక్కుంది. "అల్లుడూ! నాకు చెప్పొచ్చు కదయ్యా! వారానికి మూడు సాయంత్రాలు నా ఎదురుగా కూర్చున్నావు, ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

"చెప్పానత్తయ్యగారూ," అన్నాడు బావ, మర్యాదగా, మెల్లగా. "ఐదుసార్లు రాశాను. దిద్దారు."

పిన్ని కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ అంచు తగిలి, బల్ల పట్టుకుంది. దెబ్బ తిన్నట్టు చూసింది. తిట్టి ఉంటే ఆమె తిరిగి తిట్టేది.

బావ తనంతట తనే చెప్పుకుపోయాడు. బ్రేకు లైనింగు అరిగిందట. మార్చాలని రాసిచ్చాడట. వచ్చే నెల అన్నారట, ఏడు వచ్చే నెలలు వచ్చి వెళ్ళాయట. "సంతకం పెట్టకపోతే పెట్టేవాణ్ణి తెచ్చుకుంటాం అన్నారు. వాడు అసలు చూడనైనా చూడడు, నేనైతే నెలనెలా కాస్త బిగిస్తాను కదా అనుకున్నాను." ఆగాడు. "అలా అనుకోవడం తేలిక."

"బావా, నేను అక్కకి ఫోన్ చేస్తున్నాను. మీరు బయల్దేరండి."

"ఒక్క నిమిషం. మీ అక్కకి నేనే..."

"చెప్పేంత టైముందా?"

లేదని ఆయనకే తెలుసు. పనివాడి గొంతుతో, గబగబా చెప్పాడు. "మీటర్ల గదిలో కుడిచేతి వైపు ఎర్ర పిడి, లిఫ్టు కరెంటుది. లోపల ఎవరూ లేరని చూసుకున్నాకే కిందికి లాగాలి. మనుషులుండగా లాగొద్దు. ఆ మాట రెండుసార్లు చెప్పు."

అక్క ఫోనెత్తుతూనే నవ్వింది. "ఏమే, ప్రెస్సులో పనిలేదా? నాకిక్కడ ఊపిరి సలపడం లేదు."

చెప్పాను. రెండుసార్లు చెప్పాను. నవ్వు ఎక్కడ తెగిందో నాకు వినిపించింది.

"ముగ్గురు ఇప్పుడే ఎక్కారే," అంది. "కిందికి."

తర్వాత చెప్పుల చప్పుడు, మలుపు, చప్పుడు, మలుపు. అక్క ఫోను చేతిలో పట్టుకునే ఆరు అంతస్తులు దిగుతోంది. ఆ చప్పుడు చెవికి ఆనించుకుని నేనూ పరుగెత్తాను. నా వెనక పిన్ని, ఒక చేతిలో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేతిలో ఆ నోటుపుస్తకం. ఎందుకు తెచ్చిందో ఆమెకూ తెలియదు. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో హారన్ కొట్టారు. రెండు వీధులు, నాకు తెలిసిన రెండు వీధులే, ఆ రోజు ఎంతకీ తరగలేదు.

మేము వెళ్ళేసరికి అక్క లిఫ్టు ముందు నిలబడి ఉంది. ఇంతసేపూ ఐదు దగ్గర నిలిచిపోయిన లిఫ్టు అప్పుడే కదిలిందట, తలుపు పైన ఎర్ర అంకె నాలుగు అని చూపిస్తోంది. మూడు. రెండు దగ్గర కాసేపు కదలలేదు. అక్క చేతివేళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. ఒకటి. సున్నా. తలుపు తెరుచుకుంది.

పెట్టె నేల, మేము నిలబడ్డ నేల కంటే జానెడు కిందికి ఉంది. చంకకర్రల ఆవిడ, ఆవిడ భర్త, మెడకు పట్టీ ఉన్న ఒక కుర్రది. చంకకర్రల ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా ముందు ఒక కర్ర పైన ఆనించి, తర్వాత రెండోది ఆనించి, ఉస్సురంటూ ఎక్కి వచ్చింది.

"ఏంటమ్మా, అందరూ అలా చూస్తున్నారు?" అంది నవ్వుతూ. "రోజూ ఇంతేగా. అలవాటైపోయింది."

ముగ్గురూ బయటికి వచ్చాక అక్క లోపలికి తొంగిచూసింది, మూలలు కూడా చూసింది. మీటర్ల గదిలోకి వెళ్ళింది. లిఫ్టులో దీపం ఆరిపోయింది.

లోపలి గోడకు అట్ట తగిలించి ఉంది. నెలల పేర్లు, వాటి ఎదురుగా బావ సంతకాలు. ఆ సంతకం తమ పెళ్ళి ఫోటో వెనక కూడా ఉందని అక్క అన్నట్టు గుర్తు. లేక, నేనే అనుకున్నానేమో.

బావ బండి దిగి పనిముట్ల సంచితో లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, ఆరిన దీపాన్ని చూశాడు. ముందుగా ఫోను తీసి కాంట్రాక్టరుకు చేశాడు. "లిఫ్టు ఆపేశాను. లైనింగు మార్చేదాకా తిప్పను. సంతకం పెట్టను. లిఫ్టుల ఇన్‌స్పెక్టరుకి రాసి ఇస్తున్నాను." అవతలి గొంతు మాకు కూడా వినబడేంత పెద్దదయింది. బావ, "సరేనండీ, రేపట్నుంచి రాను," అని పెట్టేశాడు.

అప్పుడు అక్క అతని దగ్గరికి వెళ్ళింది.

"నన్ను మెట్లెక్కమన్నావు," అంది.

పన్నెండేళ్ళ కాపురంలో అక్క ఆయన్ని నువ్వు అనడం నేను వినలేదు. పిన్ని కూడా తలెత్తింది.

"బరువు తగ్గుతానన్నావు. నేను నవ్వాను. ఊరందరికీ చెప్పుకుని నవ్వాను. నాకు తెలుసా, ఎందుకెక్కుతున్నానో? నేను కౌంటర్లో కూర్చుని రోజంతా ఏం చెప్తానో నీకు తెలుసు కదా? కర్రలతో వచ్చినవాళ్ళకి, కుర్చీల్లో వచ్చినవాళ్ళకి, ఫోన్లో అడిగినవాళ్ళకి? లిఫ్టు ఉందండీ, ఎడమవైపు, ఇబ్బందేం లేదండీ, రండి. ఏడు నెలలు చెప్పించావు నాచేత."

బావ నోరు తెరిచాడు.

"లిఫ్టు లేదా అమ్మా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, కుర్చీ తోస్తూ ఆయన కూతురు. దర్జీ పని చేసి మానేసిన మనిషి. వారానికి రెండుసార్లు వస్తాడని అక్కకు తెలుసు. "పదకొండింటికి నా టైము. ఇవాళ డాక్టరుగారు చూసే రోజు, ఈ పూట తప్పితే మళ్ళీ వారం దాకా దొరకరు," అన్నాడు.

బావ సంచి కింద పెట్టాడు. "నేను తీసుకెళ్తానండీ," అన్నాడు.

కుర్చీని వెనక్కి వంచి, పైనుంచి పిడులు అక్కా, ఆ కూతురూ పట్టుకున్నారు. కింద నుంచి బరువంతా బావ పట్టాడు. ఒక పక్క నేను, ఒక పక్క పిన్ని. ఒక్కో మెట్టుకు చక్రం తగిలి, ఎగిరి, దిగేది. మూడో అంతస్తు మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఆగాం. కిటికీలోంచి వీధి చప్పుడు వస్తోంది.

"ఏమైంది నాయనా లిఫ్టుకి?" అడిగాడు దర్జీ.

బావ అక్క వైపు చూశాడు. అక్క గోడ వైపు చూస్తోంది. పిన్ని పెదవులు కదిలాయి. అతనికి సాయంగా ఏదో ఒక మాట అందివ్వాలనుకుందేమో, అందివ్వలేదు.

"బ్రేకు అరిగిపోయిందండీ," అన్నాడు బావ. "ఏడు నెలలుగా నాకు తెలుసు. బాగుందని సంతకం పెట్టింది నేనే."

తెలుగులో, పైకి, ఒక మనిషి ముఖంలోకి చూస్తూ చెప్పాడు. చెప్పాక చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

దర్జీకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో రంగు దిగిపోయింది. ఒళ్ళో ఉన్న రెండు చేతుల్నీ, ఏదో జారిపోతున్నట్టు, దగ్గరికి పట్టుకున్నాడు.

"మొన్న మా మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అందులోనే ఎక్కాను," అన్నాడు. "మీట నేనే నొక్కుతానని ఏడిస్తే, నొక్కనిచ్చాను."

కూతురు చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"నువ్వు చెయ్యి తియ్యి," అన్నాడు దర్జీ.

బావ చెయ్యి తీసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చోటుకు నేను వెళ్ళాను. నలుగురు ఆడవాళ్ళం, ఒకటి రెండు మూడు అని చెప్పుకుని ఎత్తాం. కుర్చీ ఒక మెట్టు ఎక్కింది, ఒరిగింది, కూతురు కెవ్వుమంది, మళ్ళీ మలుపులోకే దించాం. రెండోసారి ఎత్తాం. ఆ ఒక్క మెట్టూ ఎక్కలేదు. పిన్ని మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

దర్జీ తన చక్రం మీద అరచేయి ఆనించాడు. కిందికి వెళ్ళాలన్నా మూడు అంతస్తులే, పైకి వెళ్ళాలన్నా మూడు అంతస్తులే. బావ వైపు చూడకుండా, ఎదుటి కిటికీని చూస్తూ అన్నాడు.

"ఎత్తు."

బావ వంగాడు.